వేసిన ప్రతి ఓటుకీ కారణం చెప్పే సభకి వెళ్లొచ్చాను, నాలుగు స్టార్లు

ముందే చెప్పేస్తున్నాను, మీ సిటీలో ఇలాంటి సభ పెడితే వెళ్లండి. మేముండేది సియాటెల్‌కి తూర్పు వైపున్న ఒక సిటీలో. ఊరి పేరూ ఈ సభ పెట్టిన కౌన్సిల్ సభ్యురాలి పేరూ కావాలనే రాయడం లేదు, ఎందుకంటే ఇందులో మెచ్చుకోలుతో పాటు ఒక ఫిర్యాదు కూడా ఉంది. మా సిటీ కౌన్సిల్‌లో (మన మున్సిపల్ కౌన్సిల్ లాంటిది) ఏడుగురు సభ్యులు. వాళ్లలో ఒకావిడ ఈమధ్య ఒక శనివారం పొద్దున లైబ్రరీ మీటింగ్ రూమ్‌లో రెండు గంటలు కూర్చుని, గడిచిన ఏడాది కౌన్సిల్‌లో తను దేనికి అనుకూలంగా ఓటేశారు, దేనికి వ్యతిరేకంగా వేశారు, ఎందుకు వేశారు అనేది జనానికి చెప్పారు. పాతిక మందిమి వచ్చుంటాం.

నాకు ఇక్కడ ఓటు లేదు. హెచ్‌-1బీ మీద ఉన్నాం, గ్రీన్‌కార్డు క్యూ సంగతి మీకు తెలిసిందే. కానీ ఇల్లుంది, ఏప్రిల్‌లో ఒకసారి అక్టోబర్‌లో ఒకసారి ఇంటి పన్ను కడుతున్నాం, పిల్లలు ఈ రోడ్ల మీదే సైకిళ్లు తొక్కుతున్నారు. ఓటు లేనివాళ్లకి అక్కడేం పని అని మా ఫ్రెండ్స్‌లో చాలామంది అంటారు. తలుపు దగ్గర ఎవరూ ఓటరేనా అని అడగలేదు. కౌన్సిల్ మీటింగ్‌లో మాట్లాడటానికి కూడా సిటిజన్ అయ్యుండక్కర్లేదు, ఈ విషయం మనవాళ్లకి తెలియాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

తెనాలి నుంచి వచ్చిన మా నాన్నని కూడా తీసుకెళ్లాను. నాన్నకి మున్సిపాలిటీ వ్యవహారాలంటే ఆసక్తి. చైర్మన్ ఎన్నిక రోజు కౌన్సిలర్లు చేతులెత్తడం, పార్టీ విప్ ఇవ్వడం, విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవడం, ఇవన్నీ ఏళ్ల తరబడి చూసిన మనిషి. సభ మొదలైన పది నిమిషాలకి నా చెవిలో, "అమ్మాయ్, వీళ్లకి విప్ ఉండదా?" అన్నారు. ఉండదు నాన్నా, ఇక్కడ సిటీ ఎన్నికల్లో బ్యాలెట్ మీద పార్టీ పేరే ఉండదు అన్నాను. "అయితే పార్టీ చెప్పింది, వేశాను అనడానికి లేదన్నమాట" అన్నారు. నాకు అప్పటిదాకా అంత స్పష్టంగా తట్టలేదు. ఇక్కడ ప్రతి ఓటూ ఆ మనిషి సొంత ఓటే, కాబట్టి కారణం కూడా ఆ మనిషే చెప్పాలి.

ఇక సభ ఎలా జరిగిందో చెప్తాను. వెళ్లగానే చేతికి నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. ఒక్కో వరుసలో తేదీ, ఆర్డినెన్స్ నంబర్ (ఇక్కడ సిటీ చేసే చట్టాన్ని ఆర్డినెన్స్ అంటారు), అది దేని గురించో ఒక్క ముక్కలో, ఆవిడ ఓటు, మొత్తం మీద ఎంతమంది అటు ఎంతమంది ఇటు, చివర రెండు లైన్లలో కారణం. ఈ కాగితం ఒక్కదానికే మూడు స్టార్లు ఇచ్చేస్తాను. ఓట్ల వివరాలు సిటీ వెబ్‌సైట్‌లో మినిట్స్ (మీటింగ్‌లో జరిగినదాని రికార్డు) తెరిస్తే ఎలాగూ ఉంటాయి. మా వాషింగ్టన్ రాష్ట్రంలో 1971 నుంచే బహిరంగ సమావేశాల చట్టం ఉంది, రహస్య బ్యాలెట్‌తో వేసిన ఓటు చెల్లదు. కాబట్టి ఎవరు ఎటు వేశారనేది దాగే విషయం కాదు. కానీ మినిట్స్‌లో 5-2 అని అంకె ఉంటుంది, కారణం ఉండదు. దానికోసం మూడు గంటల వీడియో చూడాలి, ఉద్యోగం చేసుకుంటూ పిల్లల్ని చూసుకునేవాళ్లకి అది కుదిరే పని కాదు.

కారణం ఎందుకు ముఖ్యమో నాకు సియాటెల్ కౌన్సిల్‌ని చూసే అర్థమైంది. 2018 మే 14న పెద్ద కంపెనీల మీద, ఏడాదికి 2 కోట్ల డాలర్ల పైన ఆదాయం ఉన్నవాటి మీద, ఒక్కో ఉద్యోగికి ఏడాదికి 275 డాలర్ల పన్ను వేస్తూ తొమ్మిది మందీ ఓటేశారు, 9-0. ఇళ్లు లేనివాళ్ల కోసం, అందుబాటు ధర ఇళ్ల కోసం ఆ డబ్బు. నెల తిరక్కుండానే, జూన్ 12న, అదే కౌన్సిల్ 7-2తో ఆ పన్నుని రద్దు చేసింది. అంటే ఏడుగురు రెండుసార్లూ ఓటేశారు, రెండూ ఒకదానికొకటి ఎదురు. రికార్డులో అంకెలు మాత్రమే చూస్తే వీళ్లకి మతిపోయిందా అనిపిస్తుంది. మధ్యలో జరిగింది ఏమిటంటే ఆ పన్ను రద్దు చేయాలా వద్దా అని ఎన్నికల్లో ఓటర్లనే అడిగేలా కంపెనీల డబ్బుతో సంతకాల సేకరణ మొదలైంది. భయపడి వెనక్కి తగ్గారా, ఓడిపోయే పోరాటం ఎందుకని ఆలోచించారా అనేది వాళ్ల నోటితో వింటే తప్ప తేల్చుకోలేం.

కులం విషయం సంగతి అయితే మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఎంత గొడవైందో గుర్తుండే ఉంటుంది. 2023 ఫిబ్రవరి 21న సియాటెల్ కౌన్సిల్ కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది, అప్పటి కౌన్సిల్ సభ్యురాలు క్షమా సావంత్ పెట్టిన ప్రతిపాదన, 6-1తో గెలిచింది, అమెరికాలో ఆ పని చేసిన మొదటి సిటీ అదే. వ్యతిరేకంగా వేసిన ఒక్కరు సారా నెల్సన్. హిందువుల మీద వివక్ష పెరగవచ్చనీ, కంపెనీలు దక్షిణాసియా వాళ్లని తీసుకోవడానికి జంకవచ్చనీ ఆవిడ కారణాలు చెప్పారు. నేను ఆ చట్టం పక్షం. ఆవిడ వాదనతో నేను ఏకీభవించలేదు. అయినా కారణం పైకి చెప్పారు కాబట్టి ఇంట్లో మేము దాని మీద సరిగ్గా వాదించుకోగలిగాం. లేకపోతే ఆవిడ మనసులో ఏముందో ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకునేవాళ్లం.

సరే, మా సభకి వస్తాను. నాకు బాగా నచ్చింది ఇళ్ల ఆర్డినెన్స్ గురించి చెప్పిన భాగం. వాషింగ్టన్ రాష్ట్రం 2023లో హౌస్ బిల్లు 1110 అనే చట్టం చేసింది. ఒక స్థలంలో ఒక్క ఇల్లే ఉండాలనే పాత పద్ధతి పోయి, 75 వేల జనాభా దాటిన సిటీల్లో ఇళ్ల స్థలం ఒక్కోదానిలో నాలుగు ఇళ్ల దాకా, అంతకన్నా చిన్న సిటీల్లో (25 వేల పైన) రెండు ఇళ్ల దాకా అనుమతించాలి, రైలు లాంటి పెద్ద రవాణా స్టాప్‌ల దగ్గర ఇంకా ఎక్కువ. మేముండే కింగ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) సిటీలు దానికి తగ్గట్టు సొంత చట్టం చేసుకోవడానికి గడువు 2025 జూన్ 30గా ఉండేది. కాగితంలో ఆవిడ ఓట్లు చూస్తే మొదటి రీడింగ్‌లో (ఆర్డినెన్స్ మొదటిసారి కౌన్సిల్ ముందుకి వచ్చినప్పుడు) వ్యతిరేకం, చివరి ఓటు అనుకూలం. ముందు వరుసలో ఉన్న ఒక పెద్దాయన గట్టిగానే అడిగారు, మాకేమో వద్దంటారు అక్కడేమో సరేనంటారు, ఏది నిజం అని.

ఆవిడ తడబడలేదు. మొదటిసారి వ్యతిరేకంగా వేసింది మీరంతా రాసిన ఉత్తరాలు చదివి, మీ కోపం రికార్డులోకి ఎక్కాలని అని ఒప్పుకున్నారు. తర్వాత సిటీ అటార్నీ (సిటీ తరఫు లాయరు) చెప్పిన మాటతో మనసు మార్చుకున్నానన్నారు. గడువులోగా సిటీ సొంతంగా చట్టం చేసుకోకపోతే రాష్ట్రం తయారుచేసిన నమూనా చట్టం దానంతటదే అమల్లోకి వస్తుంది, అప్పుడు చెట్లు, పార్కింగ్, ఇంటి ఎత్తు విషయంలో సిటీ చేతిలో ఉన్న కాస్త అధికారం కూడా ఉండదు. "నేను వద్దంటే ఆ ఇళ్లు ఆగవు, నా మాట చెల్లకుండా పోతుంది అంతే" అన్నారు. ఆ పెద్దాయనకి తృప్తి కలగలేదు, కలగాలని కూడా లేదు, కానీ ఎదురు ప్రశ్న వేయలేదు. మొదటి ఓటు జనం కోపం చూసి వేశాను అని పైకి చెప్పే రాజకీయ నాయకుల్ని నేను ఎక్కువ మందిని చూడలేదు. నాన్న అయితే తల ఊపుతూనే ఉన్నారు.

పన్ను సంగతి ఇంకో పావుగంట. మన వాళ్లందరికీ ఉన్న టెన్షన్ ఇదే కదా, సిటీ పెంచింది 1 శాతమే అంటారు, నా బిల్లు మాత్రం అంతకు ఎన్నో రెట్లు పెరిగింది, ఎలా? ఆవిడ బోర్డు మీద రాసి చూపించారు. ఆ 1 శాతం మన బిల్లు మీద కాదు, సిటీ మొత్తం మీద వసూలు చేసే సొమ్ము మీద. పోయినేడు సిటీకి కోటి డాలర్లు వస్తే, ఈ ఏడు ఓటర్లని అడక్కుండా కౌన్సిల్ సొంతంగా తీసుకోగలిగేది కోటీ లక్ష, పైన కొత్తగా కట్టిన ఇళ్ల మీద వచ్చేది. ఆ కోటీ లక్షని అందరి ఇళ్ల విలువలని బట్టి పంచుతారు. మీ ఇంటి విలువ పక్కవాళ్లకన్నా ఎక్కువ పెరిగితే మీ వాటా పెరుగుతుంది. పైగా మన బిల్లులో పెద్ద భాగం స్కూళ్లది, సిటీ ముక్క చిన్నది. లెవీలకి (విడిగా వేసే అదనపు పన్నులకి) ఓటర్లు ఒప్పుకుంటే అవి వేరే. ఇది ఎన్నిసార్లు చదివినా నాకు ఎక్కలేదు, పది నిమిషాల్లో ఎక్కింది. కౌన్సిల్ ఆ 1 శాతం తీసుకోకుండా వదిలేసి, ఆ హక్కుని తర్వాతి ఏళ్లకి దాచుకోవచ్చట కూడా. ఈసారి ఆవిడ తీసుకుందామనే ఓటేశారు, ఫైర్ సర్వీసు ఖర్చులు కారణం అన్నారు.

ఇక ఒక స్టార్ ఎందుకు తగ్గించానో. మా రోడ్ల మీద కార్ల నంబర్ ప్లేట్లు చదివే కెమెరాలు పెట్టారు, ఆ కాంట్రాక్టు పొడిగింపు పోయినేడే జరిగింది, నేను మినిట్స్‌లో చూశాను. ఆ నాలుగు పేజీల కాగితంలో అది లేదు. చెయ్యెత్తి అడిగాను. అది కన్సెంట్ అజెండాలో వెళ్లిపోయింది, విడిగా ఓటు పడలేదు, అందుకే రాయలేదు అన్నారు. కన్సెంట్ అజెండా అంటే గొడవ లేని అంశాలు, పాత మినిట్స్ ఆమోదం, బిల్లుల చెల్లింపు లాంటివి, అన్నీ ఒక కట్ట కట్టి ఒకే ఓటుతో పాస్ చేయడం. కానీ మా కౌన్సిల్‌లో ఏ ఒక్క సభ్యుడు కోరినా ఆ కట్టలోంచి ఒక అంశాన్ని బయటికి తీసి విడిగా చర్చించవచ్చు. ఆ మాట అంటే, నిజమే, నేను కోరలేదు, చూసి మీకు రాస్తాను అన్నారు. మూడు వారాల తర్వాత ఈమెయిల్ వచ్చింది. కాంట్రాక్టు ఎంతకాలమో రాశారు, ఆ డేటా ఎన్నాళ్లు దాస్తారు, ఎవరికి ఇస్తారు అనే నా అసలు ప్రశ్నకి జవాబు లేదు. నాకు ఇది బాధగా ఉంది, ఎందుకంటే వీసా మీద ఉన్నవాళ్లకి ఎవరి దగ్గర ఎవరి వివరాలున్నాయి అనేది చిన్న విషయం కాదు. కట్టలో కలిపి వేసిన ఓటు కూడా ఓటే, దానికీ కాగితంలో ఒక వరుస ఉండాలి. రాని రోజుల లెక్క కూడా లేదు, ఎన్ని మీటింగులకి రాలేదో అదీ రాయాలి.

మీరు వెళ్తే ఒక రోజు ముందు కూర్చుని మినిట్స్‌లో మీకు సంబంధించిన రెండు మూడు అంశాలు వెతికి పెట్టుకోండి, మీటింగ్ తేదీతో సహా. "మీరు మా గురించి పట్టించుకోరు" అన్నవాళ్లకి అక్కడ తీయని మాటలు దొరికాయి. తేదీ చెప్పి అడిగినవాళ్లకి జవాబులు దొరికాయి. ఇంగ్లిష్ సరిగ్గా రాదని మొహమాటపడొద్దు, మా వెనక వరుసలో ఒక పెద్దావిడ తెలుగులో చెప్తుంటే కూతురు ఇంగ్లిష్‌లో అడిగింది, రోడ్డు దాటే సిగ్నల్ టైము వృద్ధులకి సరిపోవడం లేదని, ఆవిడకి ఇచ్చినంత టైము ఇంకెవరికీ ఇవ్వలేదు. ఈమెయిల్‌కి జవాబు సగమే వస్తే పబ్లిక్ రికార్డుల చట్టం కింద రిక్వెస్ట్ పెట్టవచ్చు, అయిదు పని దినాల్లో ఏదో ఒక జవాబు ఇవ్వాలి, కాగితాలైనా, ఎప్పటికి ఇస్తారనే అంచనా అయినా. నేను కెమెరాల గురించి పోయిన సోమవారం పెట్టాను.

తర్వాతి సభ శీతాకాలంలో బడ్జెట్ ఓటు అయ్యాక అన్నారు. లైబ్రరీ పార్కింగ్ పదింటికల్లా నిండిపోతుంది, కాస్త ముందు వెళ్లండి.