ప్లేస్టేషన్‌లో నెట్ నెమ్మదిస్తే ఎక్కడ వెతకాలి: ఏళ్ల వాడకం తరువాత నా సమీక్ష

ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో కూడా ప్లేస్టేషన్‌లో ఒక ఆట డౌన్‌లోడ్ కావడానికి రాత్రంతా పడుతోందంటే, లోపం చాలా సందర్భాల్లో బయటి లైనులో ఉండదు. రౌటర్ నుంచి కన్సోల్ దాకా ఉన్న కొద్దిపాటి దూరంలోనే ఉంటుంది. విజయవాడలోని మా అపార్ట్‌మెంట్‌లో మొదట ప్లేస్టేషన్ 4 తొలి మోడల్‌ను, ఆ తరువాత ప్లేస్టేషన్ 5ను ఏళ్ల తరబడి వాడుతూ, వేగం పెంచుతాయని చెప్పే ఉపాయాలను దాదాపు అన్నింటినీ పరీక్షించి చూసిన మీదట ఈ మాట అంటున్నాను. నెమ్మదిగా ఉందని తోచగానే పెద్ద ప్లాన్‌కు మారి నెలనెలా అదనంగా డబ్బు కడుతున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది ఉన్నారు. ఆ ఖర్చులో చాలావరకు అనవసరం.

ముందుగా లెక్క తెలుసుకోవాలి. ప్లాన్ మీద రాసే 100 ఎంబీపీఎస్ అనేది మెగాబిట్లలో ఉంటుంది, ఆట పరిమాణం గిగాబైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100 ఎంబీపీఎస్ లైనులో సెకనుకు గరిష్ఠంగా 12.5 మెగాబైట్లు వస్తాయి. ఆ లెక్కన 50 జీబీ ఆట సుమారు గంటా పది నిమిషాల్లో దిగాలి. అదే 12 ఎంబీపీఎస్ మాత్రమే అందుతుంటే తొమ్మిది గంటలు దాటుతుంది. మా ఇంట్లో మొదట్లో జరిగింది ఈ రెండోదే. రౌటర్ పక్కన నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 95 వచ్చేది, కన్సోల్ దగ్గర మాత్రం పది, పన్నెండు దాటేది కాదు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే లోపం వీధిలో ఉందో ఇంట్లో ఉందో అప్పటికప్పుడే తేలిపోతుంది. రౌటర్ పక్కన కూడా వేగం రాకపోతేనే నెట్ సంస్థకు ఫోన్ చేయాలి.

ప్లేస్టేషన్ 4 తొలి మోడల్‌కు ఉన్న పెద్ద పరిమితి ఏమిటంటే, దాని వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును (తరంగాల శ్రేణిని) మాత్రమే అందుకుంటుంది. 5 గిగాహెర్ట్జ్ సదుపాయం 2016లో వచ్చిన స్లిమ్, ప్రో మోడళ్లతోనే మొదలైంది. మీ రౌటర్ ఎంత ఖరీదైనదైనా పాత మోడల్‌కు ఆ రెండో బ్యాండు పేరు కూడా కనిపించదు. అపార్ట్‌మెంట్లలో 2.4 బ్యాండు పరిస్థితి ఎలా ఉంటుందో, ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ ఒకటి పెట్టుకుని హాల్లో నిలబడితే తెలుస్తుంది. కింద, పైన, పక్కన ఉన్న ఫ్లాట్ల రౌటర్లన్నీ ఒకే చోట గుమిగూడి ఉంటాయి. ఈ బ్యాండులో ఒకదానిపై ఒకటి పడకుండా పనిచేసే ఛానెళ్లు మూడే: 1, 6, 11. పక్కవాళ్లతో పేచీ ఉండదని 3నో 8నో ఎంచుకుంటే, అటూ ఇటూ ఉన్న రెండింటి రద్దీనీ నెత్తిన వేసుకున్నట్టే అవుతుంది. మా వరుసలో అందరూ 6 మీద ఉండగా నేను 11కు మార్చి, ఛానెల్ వెడల్పును 40 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించాను. వెడల్పు తగ్గిస్తే వేగం తగ్గాలి గదా అనిపిస్తుంది, కానీ రద్దీ ఉన్నచోట ఇరుగ్గా, నిలకడగా నడిచే ఛానెలే మేలు. ఆ ఒక్క మార్పుతో పన్నెండు కాస్తా ఇరవై అయిదు దాకా వచ్చింది.

కన్సోల్ పెట్టిన చోటు కూడా ముఖ్యం. టీవీ యూనిట్‌లో తలుపు వేసి, టీవీ వెనుక ఇనుప స్టాండుకు ఆనించి పెట్టిన కన్సోల్‌కు తరంగాలు సరిగా అందవు. మన ఇళ్లలో స్లాబులోనూ పిల్లర్లలోనూ ఇనుప ఊచలు ఉంటాయి కాబట్టి రౌటర్‌కూ కన్సోల్‌కూ మధ్య పిల్లర్ వస్తే నష్టం ఇంకా ఎక్కువ. వంటగదిలో మైక్రోవేవ్ ఓవెన్ నడిచేదీ ఇదే 2.4 బ్యాండులో గనుక, అది తిరుగుతున్నంతసేపూ ఆట తడబడటం మా ఇంట్లో స్పష్టంగా కనిపించేది. కన్సోల్‌ను తలుపులేని అరలోకి మార్చడం, రౌటర్‌ను నేల మీద నుంచి సజ్జ ఎత్తుకు చేర్చడం ఖర్చులేని పనులు. వాటితో కొంత లాభం ఉంది. కానీ నాకు తృప్తినిచ్చింది అవి కాదు.

అసలైన మార్పు వైరుతో వచ్చింది. రౌటర్ ఉన్న గడప పక్క గోడ నుంచి టీవీ దాకా, గోడ అంచు వెంబడి తెల్లని కేసింగ్ పట్టీలో క్యాట్ 6 కేబుల్ లాగించాను. కేబుల్, పట్టీ, రెండు జాకులు, ఎలక్ట్రీషియన్ కూలీ అన్నీ కలిపినా ఒక మంచి రౌటర్ ధరలో చిన్న వంతు కూడా కాలేదు. ఆ రోజు నుంచి నేటి వరకు కన్సోల్‌లో వేగం 92, 94 మధ్యనే ఉంటోంది. పక్కింట్లో కొత్త రౌటర్ పెట్టినా, ఇంట్లో మైక్రోవేవ్ తిరిగినా అందులో తేడా లేదు. వైఫైలో వేగం ఒక సమయానికి ఒక రకంగా ఉంటుంది. వైరులో ఎప్పుడు చూసినా ఒకటే. ఆన్‌లైన్‌లో ఆడేవారికి గరిష్ఠ వేగం కన్నా ఈ నిలకడే ఎక్కువ విలువైనది.

అయితే వైరు వేయించేటప్పుడు రెండు చోట్ల శ్రద్ధ పెట్టాలి. మొదటిది జాకు. కేబుల్ లోపల ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు ఉంటాయి. జాకులో గుచ్చే వరుస తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొనలా ఇదే వరుస ఉండాలి. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత రావడం చూసి కొందరు ఏ జతకా జతను పక్కపక్కన పెట్టేస్తారు. అలా చేస్తే రెండు కొనలా ఒకే వరుస ఉన్నా సిగ్నల్ చెడిపోతుంది, ఎందుకంటే మెలిదిప్పిన జత పనిచేసేది ఆ జతలోని రెండు తీగలూ కలిసి ఒకే సంకేతాన్ని మోసినప్పుడే. నీలం, గోధుమ జతల్లో ఒక్క తీగ చివరిదాకా దిగకపోయినా గిగాబిట్ (1,000 ఎంబీపీఎస్) లింకు రాదు; రౌటర్, కన్సోల్ రెండూ సాధారణంగా మారుమాట్లాడకుండా 100కు దిగిపోతాయి. నూరు ప్లాన్ ఉన్నవాళ్లకు అది తెలియను కూడా తెలియదు, కానీ 300 ప్లాన్‌కు మారిన రోజున వేగం 94 దగ్గరే ఆగిపోయి కూర్చుంటుంది. క్రింపింగ్ (జాకు బిగించడం) అయ్యాక టెస్టర్‌తో ఎనిమిది దీపాలూ వరుసగా వెలుగుతున్నాయో లేదో చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు.

రెండవది, గుచ్చే రంధ్రం. నెట్ సంస్థలు ఇచ్చే ఫైబర్ డబ్బాల్లో నాలుగు లాన్ పోర్టులు ఉన్నా, చౌకరకం వాటిలో చాలావాటికి ఒక్కటే గిగాబిట్ పోర్టు, మిగిలినవి 100 వరకే పనిచేసేవి. డబ్బా అడుగున ఉన్న చీటీ మీదో, పోర్టు పక్కన చిన్న అక్షరాల్లోనో, కొన్నిటిలో పోర్టు రంగులోనో ఆ తేడా తెలుస్తుంది. కన్సోల్‌ను ఆ ఒక్క గిగాబిట్ పోర్టుకే తగిలించాలి. ఈ సంగతి వైరు లాగడానికి వచ్చినవాళ్లు మనకు చెప్పరు.

ఇక కన్సోల్ లోపలి సంగతులు. ప్లేస్టేషన్ 4లో ఏదైనా ఆట తెరిచి ఉండగా డౌన్‌లోడ్ విపరీతంగా మందగిస్తుంది. హోమ్ బటన్ నొక్కి మెనూలోకి వచ్చినంత మాత్రాన సరిపోదు, ఆటను పూర్తిగా మూసివేయాలి. నడుస్తున్న ఆటకు ఇబ్బంది కలగకుండా, ఒక్కసారిగా ఎంత డేటాను స్వీకరించగలనని కన్సోల్ సర్వర్‌కు చెబుతుందో ఆ పరిమాణాన్ని బాగా కుదించేస్తుందని 2017లో ఒక నెట్‌వర్క్ ఇంజినీరు పాకెట్లను (నెట్‌లో పోయే డేటా ముక్కలను) పట్టి చూసి వివరంగా రాశారు. నా అనుభవం దానితో అక్షరాలా సరిపోయింది. పెద్ద డౌన్‌లోడ్ పెట్టినప్పుడు ఆటలన్నీ మూసి, రెస్ట్ మోడ్‌లో ఉంచి పడుకోవడం ఉత్తమం. సెట్టింగులలో రెస్ట్ మోడ్‌లోనూ నెట్‌కు కనెక్ట్ అయి ఉండే ఐచ్ఛికాన్ని మాత్రం ముందే పెట్టుకోవాలి.

మరొక భ్రమ కూడా ఉంది. అప్‌డేట్ దిగడం పూర్తయ్యాక ప్లేస్టేషన్ 4 ‘కాపీయింగ్’ అని చూపిస్తూ అరగంటో గంటో తీసుకుంటుంది. చూసేవారికి అది నెట్ నెమ్మదిగా ఉన్నట్టే అనిపిస్తుంది. నిజానికి ఆ సమయంలో నెట్‌తో పనే లేదు. పాత ఆట ఫైలునూ కొత్త భాగాన్నీ కలిపి లోపలి హార్డ్‌డిస్క్ మీద మళ్లీ రాస్తోంది. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే డిస్కుకు ఆ పని భారమే. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టాక ఆ నిరీక్షణ చాలావరకు తగ్గింది. డిస్కులో ఆట పరిమాణానికి సరిపడా ఖాళీ స్థలం లేకపోతే అప్‌డేట్ మొదలే కాదు కాబట్టి, ఆడని ఆటలను తీసేస్తూ ఉండటం కూడా అవసరమే.

డీఎన్ఎస్ మార్చమనే సలహా అందరూ ఇస్తారు. అందరికీ తెరిచి ఉండే డీఎన్ఎస్‌లు 8.8.8.8, 1.1.1.1 రెండూ వాడి చూశాను. డీఎన్ఎస్ చేసేది పేరును చిరునామాగా మార్చడం మాత్రమే. ఆ తరువాత దిగే గిగాబైట్లు దాని గుండా పోవు. మా నెట్ సంస్థ సొంత డీఎన్ఎస్ అప్పుడప్పుడు మొరాయించేది కాబట్టి సైన్ ఇన్ సమస్యలు తగ్గాయి, వేగం మాత్రం పెరగలేదు. ఎంటీయూ (ఒక పాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్ల సంఖ్య) విలువను 1473కు మార్చమనే చిట్కాదీ అదే కథ. పీపీపీఓఈ లాగిన్ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లైనుకు కనెక్ట్ అయ్యే పద్ధతి) ఉన్న లైన్లలో ఎనిమిది బైట్లు అదనంగా పోతాయి గనుక సరైన విలువ 1492; దాన్ని రౌటర్ తానే చూసుకుంటుంది. కన్సోల్‌లో ఆటోమేటిక్‌గా వదిలేయడమే మంచిది.

వేగం బాగానే ఉన్నా ఆట మధ్యలో ఎదుటి ఆటగాడు ఉన్నట్టుండి మరోచోట ప్రత్యక్షమవడం వేరే జబ్బు. ఇది పింగ్‌కు, అంటే పాకెట్ సర్వర్‌కు పోయి రావడానికి పట్టే సమయానికి సంబంధించినది. సాయంత్రం ఇంటికి వచ్చినవాళ్ల ఫోన్లు వైఫై అందుకోగానే రోజంతా తీసిన ఫోటోలనూ వీడియోలనూ క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెడతాయి. రౌటర్ ఆ డేటానంతా పొడవైన వరుసలో నిలబెడుతుంది, ఆట పంపే చిన్న పాకెట్లు ఆ వరుస చివర పడిగాపులు కాయాలి. అలాంటి వేళల్లో మా ఇంట్లో పింగ్ 30 మిల్లీసెకన్ల నుంచి 300 దాకా ఎగబాకేది. దీనికి మందు పెద్ద ప్లాన్ కాదు, వరుసను అదుపులో పెట్టడం. నెట్ సంస్థ డబ్బాను బ్రిడ్జి మోడ్‌లో (రౌటర్ పని మాని, డేటాను దాటించడం మాత్రమే చేసేలా) పెట్టించి, ఎస్‌క్యూఎం సదుపాయం (ఆ వరుసను పొడవు కాకుండా సర్దేది) ఉన్న సొంత రౌటర్‌ను తగిలించి, అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండింటికీ లైను అసలు వేగంలో 90 శాతం దగ్గర హద్దు పెట్టాను. గరిష్ఠ వేగంలో పదో వంతు వదులుకున్నాను, అందుకు బదులుగా ఇంటిల్లిపాదీ వీడియోలు చూస్తున్నా పింగ్ నలభై దాటడం లేదు. వైరు తరువాత నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది దీన్నే.

పార్టీ చాట్‌లో మిత్రుల గొంతు వినపడకపోవడం, ఒకరు పెట్టిన గదిలోకి మరొకరు చేరలేకపోవడం వేగం వల్ల రావు, నాట్ (ఇంట్లోని పరికరాలన్నీ ఒకే బయటి చిరునామాను పంచుకునే ఏర్పాటు) వల్ల వస్తాయి. కన్సోల్‌లో కనెక్షన్ పరీక్ష చేస్తే చివర నాట్ టైప్ చూపిస్తుంది. 2 ఉంటే సరే, 3 ఉంటే ఇబ్బంది. రౌటర్‌లో యూపీఎన్‌పీ (కన్సోల్ తనకు కావలసిన దారులను, అంటే పోర్టులను, తానే తెరిపించుకునే సదుపాయం) ఆన్ చేస్తే చాలామందికి 2 వస్తుంది. నాకు రాలేదు. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ (బయటి నెట్ వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే, మీ సంస్థ ఒకే పబ్లిక్ చిరునామాను ఎందరో వాడకందార్లకు పంచుతోందని అర్థం. 2012లో ఈ అవసరం కోసమే కేటాయించిన చిరునామాలవి. అక్కడ మన రౌటర్‌లో పోర్టులు ఎన్ని తెరిచినా ఫలితం ఉండదు. స్టాటిక్ ఐపీ (మనకొక్కరికే ఇచ్చే, మారని పబ్లిక్ చిరునామా) తీసుకోవలసిందే. మా సంస్థ దానికి విడిగా రుసుము వసూలు చేస్తోంది, అది నాకు ఇప్పటికీ న్యాయంగా తోచదు. డౌన్‌లోడ్ చేసుకుని ఒంటరిగా ఆడేవారికి ఆ ఖర్చు అక్కరలేదు.

ప్లేస్టేషన్ 5 వైఫై 6తో వచ్చింది. 5 గిగాహెర్ట్జ్ మీద, రౌటర్ ఉన్న గదిలోనే పెట్టి చూస్తే వైరుకు దాదాపు సమానంగా నడిచింది. రెండు గోడలు అడ్డం వచ్చేసరికి 5 గిగాహెర్ట్జ్ బలం బాగా పడిపోయి, తనంతట తానే 2.4 మీదికి జారేది. రెండు బ్యాండులకూ రౌటర్‌లో వేర్వేరు పేర్లు పెట్టి, కన్సోల్‌కు 5దే ఇస్తే ఆ జారడం ఆగుతుంది. వైరు లాగడం సాధ్యంకాని అద్దె ఇళ్లలో ఉన్నవారికి ఇదే దారి. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు మాత్రం కరెంటు పైపులతోపాటు టీవీ గోడకు ఒక ప్రత్యేక పైపు వేయించుకోవాలి. కరెంటు తీగల పైపులోనే లాన్ వైరును దూర్చడం ప్రమాదం, పైగా సిగ్నల్‌కూ మంచిది కాదు.

ఇన్ని చేసినా మారనిది సర్వర్ దూరం. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. సింగపూర్ మనకు దాదాపు మూడు వేల కిలోమీటర్ల దూరం, అంటే పోయి రావడానికే కనీసం 30 మిల్లీసెకన్లు కావాలి, దారి మలుపులతో అది ఇంకా పెరుగుతుంది. యూరప్ సర్వర్ పడితే నూరు దాటడం ఖాయం. ఆట సెట్టింగులలో ప్రాంతం ఎంచుకునే వీలుంటే ముంబయి, అది లేకపోతే సింగపూర్ పెట్టుకుంటున్నాను. ప్రాంతాన్ని తానే ఎంచుకునే ఆటల్లో మాత్రం, మన దేశంలో ఎక్కువమంది ఆడే సాయంత్రం ఏడు నుంచి పదకొండు మధ్య చేరితే దగ్గరి సర్వర్ దొరికే అవకాశం ఎక్కువగా ఉంటోంది.