నడక నేర్చే బిడ్డకు ఏది మేలు: కర్రబండా, వాకరా, ఉత్త నేలా?

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో బిడ్డ గోడ పట్టుకొని నిలబడటం మొదలుపెట్టగానే ఇంట్లో చర్చ కూడా మొదలవుతుంది. వడ్లాయనతో మూడు చక్రాల కర్రబండి చేయిద్దామని అమ్మమ్మ అంటే, పాటలు పాడే ప్లాస్టిక్ వాకర్ తెస్తానని పట్నంలో ఉండే మేనమామ అంటాడు. రెండూ నడక కోసమే అయినా, బిడ్డ ఒంటితో అవి చేయించే పని వేరు.

వాకర్‌లో బిడ్డ నిలబడదు, గుడ్డ సీటులో వేలాడుతుంది. బరువంతా సీటు మోస్తుంది కనుక కాలివేళ్లతో నేలను తన్నితే చాలు, బండి సాగిపోతుంది. ముందున్న పళ్లెం అడ్డుపడి పాదాలు కనిపించవు. తూలితే నిలదొక్కుకోవలసిన అవసరమే రాదు. అందుకే వాకర్ వల్ల నడక త్వరగా రాదని, కొందరికి ఆలస్యమూ కావచ్చునని పిల్లల వైద్యులు చెబుతారు. గడప దాటి మెట్ల మీదికి దొర్లే ప్రమాదం దీనికి అదనం. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది.

కర్రబండి దగ్గర బిడ్డ తన కాళ్ల మీద తానే నిలబడాలి, అడ్డకర్రను పట్టుకొని నెట్టాలి, బండి ముందుకు పోతే దానితో పాటు అడుగు వేయాలి, లేదా వదిలేసి కూలబడాలి. ఆ కూలబడటమూ శిక్షణే. అయితే ఇది మట్టి నేలకు పుట్టిన బండి. అలికిన నేల చక్రాన్ని కొంత పట్టి ఉంచేది; ఇప్పటి షాబాదు బండల మీదా టైల్స్ మీదా అది బిడ్డ కన్నా ముందే పరుగెత్తుతుంది. చక్రాలకు పాత చీర పేలిక బిగించి చుట్టి, పెద్దవాళ్లు పక్కన ఉంటే ఈ లోపం చాలావరకు తీరుతుంది.

ఇంతకూ తొందర ఎందుకు? భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఆరోగ్యవంతులైన పిల్లలు 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా సొంతంగా నడవవచ్చు. నూటికి నలుగురు అసలు చేతులూ మోకాళ్లూ ఆనించి పాకనే లేదు. కెన్యాలోని కిప్సిగిస్ తల్లులు కూర్చోవడం, నడవడం పనిగట్టుకొని నేర్పుతారు కనుక వారి పిల్లలకు ఆ రెండూ ముందే వస్తాయి, నేర్పని పాకుడు మాత్రం ముందుగా రాదు. పరాగ్వే అడవుల్లో తిరుగుతూ బతికిన కాలంలో ఆచే తెగ తల్లులు బిడ్డను ఒంటి మీది నుంచి దాదాపు దించేవారు కాదు; ఆ పిల్లలు రెండేళ్లకు దగ్గరపడితే గాని నడిచేవారు కాదు, అయినా ఎనిమిది, పదేళ్లకల్లా ఎత్తైన చెట్లు చకచకా ఎక్కేసేవారు. ముందు నడిచిన బిడ్డే గట్టి బిడ్డ అని మన వాడకట్టులో అనుకునే మాటకు వీటిలో ఆధారం దొరకదు.

కాబట్టి నా మొగ్గు నేలకే. ఊడ్చిన నేల మీద చాప పరిచి, అందీ అందనంత దూరంలో ఒక గిన్నె పెడితే పాకడం, లేవడం, పట్టుకొని నడవడం అన్నీ అక్కడే జరుగుతాయి. కర్రబండి ఆ తరువాత రోజుకు కాసేపు సరిపోతుంది. వాకర్ కొనకపోవడమే మంచిది, ఎవరైనా తెచ్చినా చక్రాలు తీసేసి కూర్చోబెట్టి తినిపించడానికి వాడుకోవచ్చు.

పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే బండి మార్చి లాభం లేదు, వైద్యుడికి చూపించాలి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగే ఇళ్లలో, నడక వచ్చిన పిల్లల కాళ్లు వంకర తిరుగుతున్నట్టు కనిపిస్తే, ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచుతోందేమోనని వైద్యుడిని ముందుగా అడగాలి.