హెసరఘట్ట రోడ్డు నర్సరీలో కొన్న అర్క కిరణ్ జామ అంటు: సమీక్ష

బెంగళూరులో మేడ మీద పండ్ల మొక్క పెంచాలనుకునే మన తెలుగు కుటుంబాలు చాలావరకు జామతోనే మొదలుపెడతాయి. నర్సరీలలో మాత్రం ‘ఎర్ర జామ’ అన్న ఒక్క పేరుతోనే అన్నిటినీ అమ్ముతారు కాబట్టి, చేతికి వచ్చింది ఏ రకమో కాపు వచ్చేదాకా తెలియదు. హెసరఘట్ట రోడ్డులోని ఒక ప్రైవేటు నర్సరీలో అర్క కిరణ్ అని రకం చెప్పి అమ్మిన అంటు మొక్కను కొని, కాయలు తిన్న తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను.

అర్క కిరణ్‌ను హెసరఘట్టలోనే ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కామ్‌సరి, పర్పుల్ లోకల్ రకాలను సంకరపరచి రూపొందించింది. ముదురు ఎరుపు గుజ్జులో లైకోపీన్ (ఆ ఎరుపు రంగునిచ్చే పదార్థం) 100 గ్రాములకు 7 మిల్లీగ్రాములకు పైగా ఉంటుందని ఆ సంస్థ ప్రకటించింది. వండని పండు టమాటాలో ఇది సుమారు 3 మిల్లీగ్రాములే. నా కుండీలో కాసిన పండ్లు గుండ్రంగా, గట్టి కండతో, మంచి తీపితో ఉన్నాయి, రసం తీస్తే రంగు ఎంతో బాగుంది. గింజ మాత్రం పళ్లకు తగులుతుంది. ఇంట్లో పెద్దవారి కోసం మెత్తని గింజ కావాలనుకుంటే అలహాబాద్ సఫేదా నుంచి ఎంపిక చేసిన అర్క మృదుల మేలు, కాకపోతే దాని గుజ్జు తెలుపు.

ఈ నర్సరీని నేను మెచ్చుకోవడానికి ముఖ్య కారణం వేర్లు చూపించడం. ‘కవరు విప్పి వేర్లు చూపిస్తారా అండీ?’ అని అడిగితే, అక్కడ పనిచేసే ఆయన విసుక్కోకుండా, మట్టిగడ్డ పగలకుండా మొక్కను బయటికి తీసి చూపించి, తెలుగులోనే వివరించారు. జామకు ఇప్పుడు మన దేశంలో పెద్ద బెడద వేరుబుడిపె నులిపురుగు; అది తోట నుంచి తోటకు ఎక్కువగా నర్సరీ మొక్కల మట్టితోనే చేరుతోంది. వేర్ల మీద పూసలు గుచ్చినట్లు బుడిపెలు కనిపిస్తే, ఆకు ఎంత పచ్చగా ఉన్నా ఆ మొక్కను తీసుకోకూడదు, ఎందుకంటే కొంతకాలానికి ఆకులు రాగి రంగుకు తిరిగి చెట్టు క్రమంగా ఎండిపోతుంది, ఒకసారి పట్టిన పురుగును పూర్తిగా వదిలించడం దాదాపు అసాధ్యం. వేర్లు చూపించడానికి ఒప్పుకోని చోట జామ కొనవద్దని నా గట్టి సలహా.

అంటు అతుకు శుభ్రంగా కలిసింది. అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లు అసలు రకానివి కావు గనుక వాటిని ఎప్పటికప్పుడు తుంచేయాలని కూడా వారే చెప్పారు. ధర 250 రూపాయలు, ఈ నాణ్యతకు న్యాయమైనదే.

లోపాలూ ఉన్నాయి. కవరులో నింపినది ఉత్త ఎర్రమట్టి. ఆరితే రాయిలా బిగుసుకుని నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. కుండీలోకి మార్చేటప్పుడు చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, కొంచెం వేపపిండి కలపవలసి వచ్చింది. బిల్లు మీద రకం పేరు రాయలేదు, అడిగాకే రాశారు. కత్తిరింపు గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు, ఇది చిన్న లోపం కాదు: జామ కొత్త చిగురు మీదే పూస్తుంది గనుక, కోత అయ్యాక కొమ్మ చివరలు కత్తిరించకపోతే కుండీలో చెట్టు పొడుగ్గా సాగి కాపు తగ్గుతుంది.

ఇంకొకటి. మొక్కతో ఇచ్చిన కాగితంలో జామాకు కషాయం మధుమేహాన్ని నయం చేస్తుందని అచ్చు వేశారు, అది తీసేయాలి. ఆకులో క్వెర్సెటిన్, టానిన్లు అనే పదార్థాలు ఉన్న మాట నిజమే, భోజనం తరువాత రక్తంలో చక్కెర పెరుగుదలను కొంత తగ్గించే పానీయంగా జామాకు టీని జపాన్ ప్రభుత్వం 2000లో గుర్తించిన మాటా నిజమే. కానీ అది మందుకు బదులు కాదు. పండు గొప్పతనం చెప్పాలంటే 100 గ్రాములకు సుమారు 228 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉందని రాస్తే చాలు. నారింజలో ఉన్నదానికి అది దాదాపు నాలుగింతలు.

వానల మొదట్లో, జూన్, జూలైలలో వెళ్తే కొత్త అంటు మొక్కలు దొరుకుతాయి. పండు ఈగ బెడద అప్పటికే మొదలై ఉంటుంది కాబట్టి, కాయ నిమ్మకాయంత అయ్యేసరికి తొడగడానికి గుడ్డ సంచులు కూడా అక్కడే కొనుక్కోవచ్చు.