మండ్రగబ్బ తొట్టికి ఏ లైటు? ఏళ్ల తరబడి వాడాక నా మాట

తేళ్లు పెంచేవాళ్లకి లైట్ల గురించి దొరికే సలహాలు చాలావరకు చలి దేశాలవాళ్లు రాసినవే. హీట్ బల్బు పెట్టండి, వేడి తగ్గనివ్వకండి అంటారు. మే నెలలో 40 డిగ్రీలు దాటే విజయనగరంలో ఆ మాట వింటే తేలు వేపుడు అవుతుంది. నా దగ్గర ఉన్నది కొండవార పొలం దున్నుతుంటే బయటపడ్డ నల్ల మండ్రగబ్బ. పిల్లగా ఉన్నప్పుడే తెచ్చాను. గాజు తొట్టి, అడుగున ఎర్రమట్టి కలిపిన కొబ్బరి పొట్టు, దాక్కోడానికి ఇంటి పెంకు ముక్క. ఆ తొట్టి మీద ఇన్నేళ్లలో రకరకాల లైట్లు పెట్టి చూశాను.

హీట్ బల్బు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 60 వాట్లది పైనుంచి వేస్తే కొద్ది రోజుల్లోనే పొట్టు పొడిపొడి అయిపోతుంది. మండ్రగబ్బ బొరియ తవ్వుకుని తేమలో బతికే జీవి. బల్బు వెలిగినన్నాళ్లూ నీళ్ల మూకుడుకి అతుక్కునే ఉండేది. తాబేళ్లకీ బల్లులకీ వేసే యూవీబీ దీపం (యూవీ అంటే అతినీలలోహిత వెలుగు, అందులో ఒక రకం ఇది) కూడా దీనికి అక్కర్లేదు. జనవరి రాత్రుళ్లు మరీ చల్లబడితే తొట్టిని వంటింటి గోడవైపు జరుపుతాను, అంతే. బల్బు కోడిపిల్లల బుట్టకి పనికొచ్చింది.

తెల్ల ఎల్‌ఈడీ స్ట్రిప్ మన సరదాకే తప్ప దానికి కాదు. అది వెలుగుతున్నంతసేపూ తేలు పెంకు కిందే ఉంటుంది. పగలూ రాత్రీ తేడా తెలియడానికి కిటికీ వెలుగు చాలు, ఎండ మాత్రం నేరుగా గాజు మీద పడకూడదు. స్ట్రిప్‌కి టైమర్ పెట్టాలనుకుంటే ఒక్క మాట. గుండ్రంగా తిరిగే మామూలు టైమర్ కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోతుంది. వేసవి కోతల్లో అది గంటలకి గంటలు వెనకబడి, అర్ధరాత్రి దాకా లైటు వెలిగిస్తుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్‌ది అయితేనే మన కరెంటుకి తట్టుకుంటుంది.

నేను రోజూ వాడేది మాత్రం ఎర్ర జీరో బల్బు. అర వాటు ఎల్‌ఈడీ, దేవుడి గూట్లో పెట్టుకునే రకమే. తేలు కళ్లకి యూవీ, పచ్చ-నీలం వెలుగులు బాగా తెలుస్తాయి, ఎరుపు చాలా తక్కువ తెలుస్తుంది. అందుకే ఆ గుడ్డి వెలుగులో అది ధైర్యంగా బయటికొస్తుంది. బొద్దింక వేస్తే ముందు డెక్కలతో ఒడిసి పట్టుకోవడం, తొందర లేకుండా తినడం, అన్నీ దగ్గర్నుంచి చూడొచ్చు. కొనేటప్పుడు ఎరుపే వెలిగే ఎల్‌ఈడీ తీసుకోండి. ఎర్ర రంగు పూసిన పాత గాజు బల్బు వేరే రంగులూ కొంత వదులుతుంది, పైగా వేడెక్కుతుంది.

ఇక అందరూ అడిగేది యూవీ. తేలు పైపెంకులో ఒక పల్చటి పొర ఉంటుంది, అందులోని బీటా కార్బోలిన్ లాంటి పదార్థాల వల్ల యూవీ పడగానే ఒళ్లంతా ఆకుపచ్చ-నీలంగా మెరుస్తుంది. సిరిమాను పండక్కి చుట్టాలొస్తే ముందు అడిగేది ఇదే. మా అత్తయితే తొలిసారి చూసి, "ఏట్రా ఇది, తేలుకి సీరియల్ లైట్లేటి?" అంది.

యూవీ టార్చీల్లో, వెలుగు తరంగం పొడవుని బట్టి, రెండు రకాలు వాడాను. 395 నానోమీటర్లది చవక, ఎక్కడైనా దొరుకుతుంది. తేలు మెరుస్తుంది గానీ టార్చి ఊదా వెలుగే తొట్టంతా నిండిపోయి అసలు రంగు సగం పోతుంది. 365ది, ముందు నల్ల ఫిల్టర్ గాజు ఉన్నది, రెండు మూడింతలు ఖరీదు. దానితో చూస్తే చుట్టూ చీకటి, తేలు ఒక్కటే వెలుగు. చూడాలనుకుంటే దీనికే డబ్బు పెట్టండి. దీని వెలుగు మన కంటికి దాదాపు కనిపించదు, కాబట్టి రెప్ప కూడా పడదు. పిల్లల చేతికి ఇవ్వకండి, కళ్లలోకి అస్సలు వేయకండి. గాజుకి ఎదురుగా పట్టుకుంటే తిరిగి మన మీదకే కొడుతుంది, ఏటవాలుగా వేయాలి. తెల్ల లుంగీ కూడా నీలంగా వెలుగుతుంది, అది సబ్బుపొడి మహిమ.

కుబుసం విడిచినప్పుడు ఈ టార్చి బాగా పనికొచ్చింది. విడిచిన తొడుగు ధగధగా మెరుస్తుంటే, పక్కనే మెత్తగా ఉన్న తేలు మెరవలేదు. పెంకు గట్టిపడ్డాకే ఆ మెరుపు వచ్చింది. అది రాకముందు మేత వేయకుండా వదిలేయాలని నాకు అలా గుర్తు.

మూత కింద రాత్రంతా వెలిగే ఊదా యూవీ స్ట్రిప్పులు అమ్ముతున్నారు. ఫొటోల్లో బాగుంటాయి. నేను పెట్టి చూస్తే తేలు బయటికి రావడమే మానేసింది, తీసేశాక మళ్లీ తిరగడం మొదలైంది. ఎక్కువకాలం యూవీలో ఉంచితే ఆ మెరుపూ తగ్గుతుంది. పావు నిమిషం చూసి ఆపేయడం నా పద్ధతి.

365 టార్చి పెరట్లోనూ వాడుకోవచ్చు. కొబ్బరి మట్టల కింద, ఇటుకల సందుల్లో చిన్న ఎర్ర తేళ్లు దొరుకుతాయి. వాటిని పెంచే సరదా పెట్టుకోకండి. వాటి విషం గుండెమీద పడుతుంది, కుడితే మంత్రాలూ పసరూ అనకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. అక్కడ ప్రాజోసిన్ మాత్ర ఇస్తారు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ దాన్ని వాడుకలోకి తెచ్చాక ఎర్ర తేలు చావులు బాగా తగ్గాయి. అందుకే మా ఇంట్లో ఆ టార్చి తొట్టి దగ్గర కాక పెరటి తలుపు పక్కన మేకుకి వేలాడుతుంటుంది.