గంట లెక్కన కుట్టే టైలర్ దగ్గర పట్టులంగా కుట్టించాను, బిల్లు ఇదిగో

అనంతపురంలో జాకెట్టుకు ఇంత, లంగాకు ఇంత అని కాకుండా గంటకు ఇంత అని రేటు చెప్పే టైలర్ ఉంటుందంటే నేనూ మొదట నమ్మలేదు. రామ్‌నగర్ వైపు ఇంట్లోనే మిషన్ వేసుకుని కుట్టే ఆమె (పేరూ నంబరూ పెట్టొద్దంది, చేతిలో ఉన్న పనే తెమలడం లేదట) గంటకు 180 రూపాయలు తీసుకుంటుంది. "మన ఊళ్లో ఆటోకే మీటరు లేదు, బట్టలకు మీటరా" అన్నాడు మా ఆయన. అన్నా సరే వెళ్లాను, ఎందుకంటే నా పని మామూలు పని కాదు. మా అమ్మ ధర్మవరం పట్టుచీర, నా వయసంత పాతది, దాన్ని మా పాపకు పట్టులంగా, జాకెట్టు చేయించాలి. టవర్‌క్లాక్ దగ్గర ఒక షాపులో అడిగితే 700 చెప్పి, చీర విప్పి చూడగానే "పాత పట్టు మేం ముట్టుకోం మేడమ్, చినిగితే మామీదికొస్తుంది" అని మడిచి చేతిలో పెట్టారు.

ఈమె ముందు చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుని చూసింది. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టు ఆ మడత దగ్గరే బలం పోగొట్టుకుంటుంది, వెలుతురుకు పెడితే అక్కడ సన్నగా, జల్లెడలాగా కనిపిస్తుంది. అలాంటి గీతలన్నిటికీ పక్కన సుద్దతో గుర్తు పెట్టి, "ఈ ముక్కలు లంగా కుచ్చిళ్లలోకి రాకూడదక్కా, లోపలి మడతల్లోకి తోసేస్తాను, జాకెట్టుకు మాత్రం పమిట వైపుది తీస్తాను, అక్కడ గట్టిగుంది" అంది. ఇంకా కత్తెర పట్టకుండానే ఆమెకు ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలకు బిల్లు వేయలేదు. కొలతలు, మాట్లాడుకోవడం, బేరం (నేను ఆడాను, ఆమె నవ్వి ఊరుకుంది) ఇవన్నీ రేటులోనే కలిసి ఉన్నాయట.

అదెలా కలుస్తుందమ్మా అని అడిగితే చెప్పిన లెక్క నాకు బాగా నచ్చింది, అందుకే ఇక్కడ రాస్తున్నా. నెలకు 25 రోజులు పని. పిల్లలు బడికెళ్లి వచ్చేలోపు మిషన్ మీద నిజంగా కూర్చునేది రోజుకు 5 గంటలు, మిగతాదంతా కొలతలు తీసుకోవడానికి, దారాలు, లైనింగులు తేవడానికి, ఫోన్లకు పోతుంది. అంటే నెలకు 125 గంటలు. చేతికి 18,000 రావాలనుకుంది. కరెంటు, సూదులు, ఆయిలు, మిషన్ సర్వీసు, రేపు మిషన్ మూలపడితే కొత్తదానికి పక్కన పెట్టేది, అన్నీ కలిపి 4,500. మొత్తం 22,500ని 125తో భాగిస్తే 180. "ముందు నేను కూడా 200 గంటలు పెట్టి భాగించానక్కా, గంటకు నూటపన్నెండు వచ్చింది, నెలాఖరుకు చూస్తే చేతిలో ఏమీ లేదు" అంది. ఇంట్లో కుట్టే చాలామంది ఇక్కడే దెబ్బతింటారని నా అనుమానం. మిషన్ తిరగని టైమును కూడా డబ్బు వచ్చే టైము కింద రాసుకుంటే లెక్క ఎట్లా కుదురుతుంది?

ఇక బిల్లు. చిన్న నోటుపుస్తకంలో ఎప్పుడు మొదలుపెట్టిందీ, ఎప్పుడు లేచిందీ రాసుకుంటుంది, మధ్యలో పాలవాడు వచ్చినా అది తీసేస్తుంది. అంచు విప్పడం, పాత కుట్లు తీయడం గంటన్నర. కత్తిరింపు ముప్పావు గంట. మిషన్ కుట్టు రెండుంబావు గంటలు. హుక్కులు, కాజాలు, చేతి హెమ్మింగ్ గంట. మొత్తం ఐదున్నర గంటలకు 990, లైనింగు, దారం, హుక్కులకు 240, కలిపి 1,230. షాపు చెప్పిన 700తో పోలిస్తే ఎక్కువే, కాకపోతే ఆ షాపు పని ఒప్పుకోనేలేదు కదా, దాంతో పోల్చి ఏం లాభం.

పని విషయానికొస్తే వంక పెట్టడానికి పెద్దగా లేదు. పట్టులో ఒకసారి సూది దిగిన చోట చుక్క అలాగే ఉండిపోతుంది, ఇస్త్రీ చేసినా పోదు, అందుకే పాత కుట్టు గీత మీదే కొత్త కుట్టు వేసింది. లైనింగ్ గుడ్డను ముందే తడిపి ఆరేసి ఇస్త్రీ చేసింది, లేకపోతే తర్వాత అది కుంచించుకుపోయి పైన పట్టు ముడతలు పడుతుంది. లంగాకు లోపల రెండు టక్కులు పెట్టింది, పాప పొడుగైతే విప్పి దించుకోవచ్చు. జాకెట్టు చంకల దగ్గర కూడా పక్కల్లో బాగా గుడ్డ వదిలింది. షాపులవాళ్లు ఇది అడిగినా చేయరు, పీస్ రేటు కదా, ఎంత తొందరగా తెమిలితే వాళ్లకు అంత మిగులుతుంది.

నచ్చనివీ ఉన్నాయి. మొదటే "ఇన్ని గంటలు దాటదు" అని గట్టిగా చెప్పదు. "నాలుగైదు గంటలు పట్టొచ్చు" అంది, ఐదున్నర అయింది. అర గంటకు 90 రూపాయలు పెద్ద మొత్తం కాదు గానీ, ఎంతవుతుందో తెలీకుండా వారం రోజులు ఎదురుచూడటం ఒక టెన్షన్. పై హద్దు ఒకటి చెప్పి, అది దాటేలా ఉంటే ఫోన్ చేసి అడిగితే బాగుంటుందని ఆమెకే చెప్పాను. సరే అంది, చూద్దాం.

తప్పులకు పెట్టుకున్న పద్ధతి మాత్రం సూటిగా ఉంది: కొలత ఆమె తప్పు తీస్తే సరిచేసే గంటలు ఆమెవి, మనం మనసు మార్చుకుంటే మనవి. మెడ ఇంకొంచెం దించమని నేనే తర్వాత అడిగాను, పావుగంటకు 45 పడింది. ఇచ్చాను, ఏమంటాను. ఆమె దగ్గర నేర్చుకునే అమ్మాయి ఒకతి ఉంది, ఆ పిల్ల చేసిన గంటలకు సగం రేటే, 90. చేయి ఇంకా తిరగలేదు కాబట్టి ఎక్కువ టైము పడుతుంది, ఆ భారం మనమీద వేయకూడదని. ఇది న్యాయం.

అయితే అన్నిటికీ గంట లెక్క పనికిరాదు, ఆమే ఒప్పుకుంటుంది. మామూలు లైనింగ్ జాకెట్టుకు 450 ఫిక్స్ రేటు, రెండున్నర గంటల పని కాబట్టి. అది చేయి తిరిగిన పని, గంట లెక్కేస్తే వేగంగా కుట్టిందానికే తక్కువ వస్తుంది, అదేం న్యాయం? మగ్గం వర్క్ అసలు పట్టుకోదు. పెళ్లి జాకెట్టు నలభై గంటలు అనుకున్నా 180 చొప్పున 7,200 అవుతుంది, ఆ అంకె వినగానే లేచి వెళ్లిపోతారు, మగ్గం దగ్గర నడుం వంచి కూర్చునేవాళ్లు మాత్రం అంతకన్నా ఎంతో తక్కువకే చేస్తున్నారు. చీర కొంగు చివర కట్టే కుచ్చులదీ అదే కథ. మా వీధిలో ఒకావిడ బేబీ నాట్స్ (చిన్న చిన్న ముడుల) కుచ్చులు 250కి కట్టి ఇస్తుంది, మూడు గంటలు పైనే పడుతుంది, దారం ఖర్చు తీసేస్తే గంటకు 70 మిగిలితే గొప్ప. ఖాళీగా కూర్చుని చేసే పనే కదా అని అందరం బేరమాడుతాం. ఆ నోటుపుస్తకం చూశాక నాకు ఆవిడతో బేరమాడటానికి నోరు రావట్లేదు.

నా మార్కులు ఐదుకు నాలుగు. ఆల్టరేషన్లు, పాత చీరల పని, కొలతలు కుదరని వింత మోడళ్లు, ఇలాంటివైతే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. రోజువారీ జాకెట్లకైతే మీ పాత టైలర్ చాలు. డబ్బు సగం ముందే ఇవ్వాలి, ఫోన్‌పే తీసుకుంటుంది. శ్రావణ మాసానికి నెల ముందే ఇవ్వండి, వరలక్ష్మీ వ్రతం దగ్గరపడితే కొత్త పని తీసుకోదు. ఫాల్స్, పీకో ఆమె దగ్గర లేవు, వాటికి వేరే చోటికి పోవాల్సిందే.