జోహన్నెస్‌బర్గ్ ఆఫీసు పని: రైలా, కారా? హోటలా, అపార్ట్‌మెంటా? ఏది మేలు?

మా టీంలో ఒక కుర్రాడికి మొదటిసారి జోహన్నెస్‌బర్గ్ టికెట్ పడింది. బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని, మూడు వారాలు. "అన్నా, దిగాక రైలెక్కాలా, కారెక్కాలా? హోటల్లో ఉండనా, కిచెన్ ఉన్న ఫ్లాట్ చూసుకోనా?" అని లంచ్ టైంలో పట్టుకున్నాడు. వాళ్లమ్మ అప్పటికే యూట్యూబ్‌లో ఏవేవో చూసి, ఉద్యోగం పోతే పోయింది వెళ్లొద్దురా అంటోందట. నేను నాలుగుసార్లు వెళ్లొచ్చాను. వాడికి చెప్పిందే కాస్త సాగదీసి ఇక్కడ రాస్తున్నా.

ఆవిడ భయం ఉత్తిది కాదు. 2022-23లో దక్షిణాఫ్రికా పోలీసులు నమోదు చేసిన హత్యలు 27,494. మన దగ్గర 2022కి ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) చూపించినవి 28,522. రెండూ ఇంచుమించు ఒకటేగా అనిపిస్తుంది. కానీ అక్కడి జనాభా 6.2 కోట్లు, మనది 140 కోట్లు. అయితే ఈ హత్యల్లో చాలావరకు మనం వెళ్లే ఆఫీసు పేటలకు దూరంగా, తాగిన గొడవల్లో, ముఠాల మధ్య జరిగేవి. బ్యాగు పట్టుకుని పని మీద వచ్చినవాడికి తగిలే దెబ్బలు వేరు. ఎర్ర లైటు దగ్గర కారు అద్దం పగలగొట్టి ఫోన్ లాక్కోవడం, ఏటీఎం దగ్గర "సాయం చేస్తా" అంటూ కార్డు మార్చేయడం, ఎయిర్‌పోర్టు నుంచి వెనకే వచ్చి హోటల్ గేటు ముందు ఆపేయడం. ఇవన్నీ ఒక గుమ్మం దాటి ఇంకో గుమ్మంలోకి వెళ్లే లోపలే జరుగుతాయి. అందుకే ఏది మేలు అని ఎవరడిగినా నేను డబ్బు లెక్క ముందు చూడను. సామాను చేత్తో పట్టుకుని, నలుగురి కళ్ల ముందు, ఎటు వెళ్లాలో తెలీక నిలబడే నిమిషాలు ఏ దారిలో తక్కువ అన్నదే చూస్తాను.

ముందు ఎయిర్‌పోర్టు సంగతి. ఓఆర్ టాంబోలో దిగాక మూడు దారులున్నాయి: గాట్రెయిన్ అనే రైలు, యాప్ కారు, హోటల్ వాళ్లు గానీ క్లయింటు గానీ పంపే డ్రైవరు.

గాట్రెయిన్ 2010 జూన్‌లో, ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మొదలవడానికి సరిగ్గా ముందు నడవడం మొదలుపెట్టింది. గంటకు 160 కిలోమీటర్ల దాకా పోతుంది, ఆఫీసులుండే శాండ్టన్ పేటకి పావుగంట. స్టేషన్ టెర్మినల్‌లోనే ఉంది కాబట్టి బయట అడుగు పెట్టక్కర్లేదు. ప్లాట్‌ఫాం మీద సెక్యూరిటీ వాళ్లు తిరుగుతూనే ఉంటారు. తినడం, తాగడం, చివరికి చూయింగ్ గమ్ నమలడం కూడా నిషేధం. మొదటిసారి నేను జంతికల ప్యాకెట్ విప్పబోతే ఒక గార్డు దూరం నుంచే వేలు ఊపాడు. అంత కట్టుదిట్టంగా ఉంటుంది. మన మెట్రో అలవాటున్నవాడికి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

దీనికి రెండు లోపాలున్నాయి. రాత్రి తొమ్మిది దాటితే దీని మీద ఆశ పెట్టుకోకూడదు, శని ఆదివారాల్లో రైళ్లు పల్చబడతాయి. రెండోది, టికెట్ మనిషికి ఇంత అని ఉంటుంది, పైగా ఎయిర్‌పోర్టు ప్రయాణానికి రేటు ఎక్కువ. ఒక్కరైతే చవకే గానీ ముగ్గురు కలిసి వెళ్తే కారు కిరాయి దగ్గర దగ్గర అంతే పడుతుంది.

యాప్ కారు విషయానికొస్తే, ఉబర్, బోల్ట్ రెండూ అక్కడ బాగానే నడుస్తాయి. చిక్కు ఎక్కడంటే, బయటికి రాగానే మెడలో కార్డు వేసుకుని "టాక్సీ సర్? ఉబర్ సర్?" అంటూ వెంటపడే వాళ్లతో. యాప్ కారు డ్రైవరు ఎవడూ హాల్లోకి వచ్చి మనిషిని వెతుక్కోడు. ఆ మాట అన్నవాడికి నవ్వి తల అడ్డంగా ఊపి నడిచిపోవాలి, మాట కలపకూడదు. సరైన బండి దగ్గరికి చేరి, నంబరు చూసి, డ్రైవరు మన పేరు చెప్పాకే ఎక్కాలి. మన పేరు మనం ముందు చెప్పేస్తే ఎవడైనా అవునంటాడు. అక్కడి నంబర్ ప్లేట్ల చివర 'జీపీ' అని ఉంటుంది, గౌటెంగ్ రాష్ట్రం గుర్తు. కాబట్టి జీపీ చూసి ఇదే అనుకోవద్దు, అందరికీ అదే.

ఇంకో సంగతి. అక్కడ మినీబస్ టాక్సీల వాళ్లకీ యాప్ డ్రైవర్లకీ పాత పగ. 2025 ఆగస్టులో జోహన్నెస్‌బర్గ్‌లోనే ఉన్న సొవెటో పేటలో మపోన్యా మాల్ దగ్గర ఒక యాప్ డ్రైవరునే చంపేశారు. అందుకే కొన్ని మాల్స్ దగ్గర, స్టేషన్ల దగ్గర డ్రైవరు "కాస్త ముందుకు నడిచి రండి" అంటాడు, లేదా ముందు సీట్లో కూర్చోమంటాడు, స్నేహితుల్లా కనబడటానికి. ముందు సీట్లో కూర్చోవడానికి అభ్యంతరం లేదు. ముందుకు నడిచి రమ్మంటే మాత్రం నేను క్యాన్సిల్ చేస్తాను. ఆ నడిచే వంద గజాలే నేను తప్పించుకోవాలనుకునేది.

మూడోది, పంపించే డ్రైవరు. ఖరీదు ఎక్కువే, కంపెనీ ఇస్తే వద్దనకూడదు. కానీ బోర్డు మీద మన పేరూ కంపెనీ పేరూ పెద్దక్షరాలతో రాసి పట్టుకుంటే, ఈయన ఎవరో, ఏ కంపెనీ మీద వచ్చాడో హాలంతా చదువుకున్నట్టే. ఒక చిన్న గుర్తు మాట ముందే చెప్పి, అదే బోర్డు మీద రాయమనండి. నేను ఒకసారి 'పెసరట్టు' అని రాయించాను. డ్రైవరు దాన్ని పలకడానికి పడ్డ తంటాలు చూసి ప్రయాణ బడలికంతా పోయింది.

నా తీర్పు: పగలు దిగి, ఒక్కరే అయి, శాండ్టన్‌లో బస ఉంటే కళ్లు మూసుకుని రైలు. రాత్రి దిగితే పంపించే డ్రైవరు, కంపెనీతో పోట్లాడైనా సరే. యాప్ కారు ఈ రెండూ కుదరనప్పుడే. ఎయిర్‌పోర్టుకు నేను దానికిచ్చేది మూడో స్థానం. ఊళ్లో తిరగడానికి మాత్రం అదే మొదటిది, ఆ సంగతి కింద వస్తుంది.

ఇక బస. మనవాళ్ల చర్చంతా శాండ్టన్, రోజ్‌బ్యాంక్ చుట్టూనే. శాండ్టన్ డబ్బు పేట. స్టాక్ ఎక్స్ఛేంజ్ అక్కడే, 2023లో బ్రిక్స్ సమావేశం జరిగింది అక్కడి కన్వెన్షన్ సెంటర్‌లోనే. హోటళ్లు కొన్నింటికి శాండ్టన్ సిటీ మాల్‌తో పైనుంచే వంతెనలు ఉన్నాయి. తిండికి, మందులకు, సిమ్ కార్డుకు రోడ్డు దాటే పనే ఉండదు. కానీ నిజం చెప్పాలంటే విసుగు పుట్టే పేట. సాయంత్రం ఆరు దాటాక అద్దాల భవనాలు తప్ప ఏమీ కనిపించవు. రోజ్‌బ్యాంక్ అలా కాదు. చిన్న చిన్న కాఫీ హోటళ్లు, బొమ్మల గ్యాలరీలు, పగటిపూట నడవడానికి వీలైన వీధులు. రైల్లో శాండ్టన్ నుంచి ఒక్క స్టేషనే. కానీ ఎయిర్‌పోర్టు రైలు శాండ్టన్‌లోనే ఆగిపోతుంది, అక్కడ సామానుతో దిగి లైను మారాలి. మూడు రోజులకైతే శాండ్టన్, మూడు వారాలకైతే రోజ్‌బ్యాంక్ అంటాను. మనసు కూడా ఆరోగ్యంగా ఉండాలి కదా. విసుగెత్తినవాడే రాత్రి పదింటికి "అలా తిరిగొద్దాం" అని బయల్దేరతాడు.

మా కుర్రాడి అసలు కోరిక వీటిలో ఏదీ కాదు. శివార్లలో తోట ఉన్న ఇల్లు, కిచెన్, అందులో రైస్ కుక్కర్. తప్పు పట్టను. మూడు వారాలు బ్రెడ్డు తిని బతకమంటే నాకూ కోపమే. (కుక్కర్ పట్టుకెళ్లేవాళ్లకి ఒక మాట: అక్కడ ఎక్కువగా కనిపించే ప్లగ్ మన ఇళ్లలో గీజరుకీ ఏసీకీ ఉండే లావు గుండ్రటి మూడు పిన్నులదే. కుక్కర్ ప్లగ్ అలాంటిదైతే సరే, చిన్న పిన్నులదైతే దానికీ, ఫోన్ ఛార్జర్‌కీ అడాప్టర్ కావాలి.) ఆ ఇళ్లకు ఎత్తైన గోడ, గోడ మీద కరెంటు తీగ, గేటుకి సాయుధ సెక్యూరిటీ కంపెనీ బోర్డు ఉంటాయి. చూస్తే కోటలా ఉంటుంది. ఇబ్బంది కోటలో లేదు, కోట తలుపు తెరుచుకునే దాకా బయట ఆగే ఆ అర నిమిషంలో ఉంది. కార్లు లాక్కునేవాళ్లు కాచుకునే చోట్లలో ఇంటి గేటు ముందు భాగం ఒకటి. రోజుకు రెండుసార్లు, మూడు వారాలు, అదే టైముకి ఆ గేటు ముందు ఆగాలి. దానికన్నా స్టేషన్‌కి దగ్గర్లో, కింద రిసెప్షన్ ఉండే సర్వీస్ అపార్ట్‌మెంటు మేలు. తోట ఉండదు గానీ కుక్కర్‌కి చోటుంటుంది.

ఊళ్లో తిరగడానికి కారు అద్దెకు తీసుకోవాలా, యాప్ కారా? ఇక్కడ మనవాళ్లకి ఒక ఉచ్చు ఉంది. అక్కడా ఎడమవైపే నడపాలి, మన లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే చెల్లుతుంది, రోడ్లు మనకన్నా నున్నగా ఉంటాయి. బంకుల్లో కూడా మనలాగే మనిషే పెట్రోల్ కొడతాడు. అంతా మన ఊరులాగే ఉంటుంది, అదే ప్రమాదం. దారి తప్పితే ఎక్కడ ఆగకూడదో మనకు తెలీదు.

రెండో ట్రిప్పులో నేను యాప్ కారులో జాన్ స్మట్స్ అవెన్యూ మీద పోతున్నా. ట్రాఫిక్ లైటుని అక్కడ 'రోబో' అంటారు. మొదట విన్నప్పుడు "రోబో దగ్గర ఎడమకు తిరుగు" అంటే నిజంగానే మరమనిషి కోసం చూశాను. ఆ రోబో ఎర్రగా ఉంది. నేను ముందు సీట్లో, ఫోన్ చేతిలో, వాట్సాప్. కార్ల మధ్య ఒకతను చెత్త సంచి పట్టుకుని నడిచొస్తున్నాడు. డ్రైవరు ఏమీ అనకుండా నా చేతిలోంచి ఫోన్ తీసుకుని తన తొడ కింద పెట్టుకున్నాడు. నాకు కోపం వచ్చింది. అతను వెళ్లిపోయాక ఫోన్ తిరిగి ఇచ్చి, కిటికీ మీద వేలితో తట్టి చూపించాడు: దీనికి ఫిల్మ్ వేయించాను, అయినా అద్దం పగలగొట్టడానికి స్పార్క్ ప్లగ్ పింగాణీ ముక్క చాలు, రెండు సెకన్ల పని అన్నాడు. ఆ నడిచొచ్చినతను దొంగ అని నేను అనను. పాపం చెత్త ఏరుకునేవాడే అయ్యుండొచ్చు. కానీ ఎవరు ఎవరో తేల్చుకునే అనుభవం డ్రైవరుకుంది, నాకు లేదు. కారు అద్దెకు తీసుకుంటే ఆ సీట్లో ఉండేది నేనే.

క్లయింటు ఆఫీసు రైలు పోని ఫోర్‌వేస్ లాంటి చోట ఉండి, రోజూ రెండు మూడు చోట్లకు తిరగాలంటే అద్దె కారు తప్పదు. అప్పుడు బ్యాగు డిక్కీలో పెట్టడం బయల్దేరే ముందే అయిపోవాలి. చేరాక పార్కింగ్‌లో డిక్కీ తీసి పెడితే చూసేవాళ్లకి చెప్పి పెట్టినట్టే. తాళం రిమోట్ నొక్కాక తలుపు చేత్తో లాగి చూడండి, సిగ్నల్ అడ్డుకునే దొంగలున్నారు. రోబో దగ్గర ముందు కారు వెనక టైర్లు కనిపించేంత దూరంలో ఆగితే పక్కకు తప్పుకునే చోటుంటుంది. నీలం లైటు వేసుకుని గుర్తుల్లేని బండి ఆపమంటే, హజార్డ్ లైట్లు వేసి, వేగం తగ్గించి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి పోనివ్వాలి. పోలీసు వేషంలో ఆపేవాళ్లున్నారని అక్కడ పిల్లాడికీ తెలుసు.

ఫోన్ విషయంలో ఒకటా, రెండా అన్న చర్చే అనవసరం, రెండు. కారణం ఫోన్ ఖరీదు కాదు. మన బ్యాంకు ఓటీపీలన్నీ ఇండియా సిమ్‌కే వస్తాయి. ఆ సిమ్ ఉన్న ఫోన్ పోయిందంటే కార్డు బ్లాక్ చేయడానికీ, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవడానికీ చేతులు కట్టేసినట్టే. ఇండియా సిమ్ పాత ఫోన్‌లో వేసి హోటల్ గదిలో లాకర్‌లో. చేతిలో తిరిగేది లోకల్ సిమ్ వేసిన మామూలు ఫోన్, అందులో 10111 పోలీసుకి, 112 అత్యవసరానికి. నగదు అక్కడ పెద్దగా అవసరం పడదు, పార్కింగ్ దగ్గర మెరిసే జాకెట్ వేసుకుని కారు కాసేవాళ్లకి ఇచ్చే చిల్లర తప్ప.

ఆదివారం వస్తుంది. మనవాడెవడైనా చూడాలనుకునేది కాన్‌స్టిట్యూషన్ హిల్. గాంధీని పెట్టిన జైలు అక్కడే, పక్కనే ఇప్పుడు దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం. మ్యాప్ తీస్తే గాట్రెయిన్ చివరి స్టేషన్ పార్క్ దానికి దగ్గర్లోనే కనిపిస్తుంది. ఇంతసేపు రైలు రైలు అన్నాను కదా, ఇక్కడ మాత్రం రైలు వద్దు. స్టేషన్ లోపల అదే గార్డులు, అదే శుభ్రం. గేటు దాటితే నేరాలకు పేరుపడ్డ హిల్‌బ్రో పేట పక్కన, జనం కిక్కిరిసిన నగర నడిబొడ్డు, మెడలో కెమెరా, ఎటు తిరగాలో తెలీక మ్యాప్ చూస్తూ మీరు. రోజ్‌బ్యాంక్ నుంచి యాప్ కారు ఎక్కి, కాన్‌స్టిట్యూషన్ హిల్ గేటు లోపల దిగి, టూర్ అయ్యాక లోపలే నిలబడి తిరుగు బండి పిలవాలి. మా వాడికి ఇదంతా చెప్పాక అడిగాడు: "మరి గేటు దగ్గర్నుంచి ఆ కోర్టు ఎంత దూరం అన్నా?" లోపలేరా, ఎంతసేపైనా నడువు అన్నాను.