కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్‌లో చందమామలు: ఏళ్ల తరబడి ఆడాక నా రివ్యూ

రాకెట్లు మనమే కట్టి గేమ్‌లోని గ్రహాలకి పంపే ఈ గేమ్ గురించి ఎవరిని అడిగినా రాకెట్లు పేలిపోవడం, కెర్బల్స్ అనే ఆ పచ్చ బొమ్మల మొహాలు, వీటి గురించే చెప్తారు. నన్నడిగితే మాత్రం అసలు సరుకంతా ఉపగ్రహాల్లోనే ఉంది. గ్రహాల ప్రయాణం ఒకసారి చెయ్యి తిరిగిందంటే అన్నీ ఒకేలా ఉంటాయి, విండో (గ్రహాలు సరైన చోటికి వచ్చే సమయం) కోసం ఆగడం, బర్న్ కొట్టడం (ఇంజిన్ మండించడం), టైమ్ వార్ప్ పెట్టి కాలాన్ని గబగబా తిప్పేసి కూర్చోవడం, అంతే. ఉపగ్రహాలకి మాత్రం ఒక్కోదానికి ఒక్కో తిక్క. (నేను చెప్పేదంతా మొదటి భాగం, 1.12 వెర్షన్ గురించి. 2023లో వచ్చిన రెండో భాగం సంగతి ఇక్కడ ఎత్తను.)

గేమ్‌లో మనం బయల్దేరే గ్రహం కెర్బిన్, దానికి రెండు ఉపగ్రహాలు, మన్, మిన్మస్. కొత్తవాళ్లంతా ముందు మన్ మీదకి పోతారు, కళ్లెదురుగా పెద్దగా కనిపిస్తుంది కాబట్టి. నా మాట వినండి, ముందు మిన్మస్‌కి పొండి. మన్ 12,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే మిన్మస్ 47,000 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, పైగా కక్ష్య 6 డిగ్రీలు వంగి ఉంటుంది, చూడగానే అమ్మో అనిపిస్తుంది. కానీ డెల్టా-వీ (వేగం ఎంత మార్చాలి, అంటే ఫ్యూయెల్ ఎంత ఖర్చు) లెక్క వేసి చూడండి. కెర్బిన్ ఆర్బిట్ నుంచి మన్ వైపు బయల్దేరడానికి సెకనుకి దాదాపు 860 మీటర్లు, అక్కడ ఆగడానికి 310, దిగడానికి 580. మిన్మస్‌కి బయల్దేరడానికి 930 అవుతుంది గానీ ఆగడానికి 160, దిగడానికి 180 చాలు. దూరంగా ఉన్నదే చవక అన్నమాట. పైగా అక్కడ లేతపచ్చ మైదానాలు ఉంటాయి, బల్లపరుపుగా, ఎత్తు సరిగ్గా సున్నా, ల్యాండర్ ఒరిగిపోద్దన్న భయమే ఉండదు. ఫ్యూయెల్ ఖాళీ అయినా కెర్బల్‌ని బయటికి దింపి ఉట్టి జెట్‌ప్యాక్‌తో ఆర్బిట్‌లోకి ఎక్కించేయొచ్చు. మన్ మీద ఆ సుఖం లేదు, క్రేటర్ అంచుల మీద కాళ్లు జారతాయి, చీకటి వైపు దిగారంటే తెల్లారడానికి కెర్బిన్ లెక్కలో మూడు రోజులు పడుతుంది.

2023లో చంద్రయాన్-3 జులై 14న శ్రీహరికోట నుంచి పోయి, ఆగస్టు 1 దాకా భూమి చుట్టూనే కక్ష్య పెంచుకుంటూ తిరిగింది కదా, అప్పుడు మా ఇంట్లో అందరూ ఇంకా ఇక్కడే ఎందుకు తిరుగుతోంది అని ఒకటే అడగడం. ఈ గేమ్‌లో నెర్వ్ అనే అణు ఇంజిన్ వాడిన ఎవరికైనా ఆ సంగతి అడక్కుండానే తెలిసిపోతుంది. థ్రస్ట్ తక్కువ ఉన్నప్పుడు ఒకే లాంగ్ బర్న్ కొడితే సగం దిక్కుమాలిన దిశలో పోతుంది, అదే ప్రతి చుట్టులో కిందికి వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం కొడితే ఫ్యూయెల్ మిగులుద్ది.

గిల్లీ గురించి పెద్దగా చెప్పడానికి ఏం లేదు, ఈవ్ అనే గ్రహం చుట్టూ తిరిగే 13 కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న రాయి. కిలోమీటర్ ఎత్తు నుంచి వదిలేస్తే కింద పడటానికి మూడు నిమిషాల పైనే పడుతుంది, ఈలోపు టీ పెట్టుకుని రావచ్చు. డ్యూనా అనే గ్రహం దగ్గరున్న ఐక్ అయితే గుమ్మంలో అడ్డంగా పడుకున్న కుక్క టైపు, మీరు డ్యూనా కోసం ఎంత చక్కగా ప్లాన్ వేసినా మధ్యలో దాని గురుత్వం తగిలి దారి మారిపోతుంది.

ఇక జూల్, లేథ్, వాల్, టైలో, బాప్, పోల్ అనే ఐదు ఉపగ్రహాలున్న గ్రహం. గేమ్ మొత్తంలో బెస్ట్ ఏరియా ఇదే, అందులోనూ నా ఓటు టైలోకి. లేథ్‌కి ఫ్యాన్స్ ఎక్కువ, ఒప్పుకుంటా, ఆక్సిజన్ ఉంది, సముద్రం ఉంది, జెట్ ఇంజిన్లు పనిచేస్తాయి, తలెత్తితే ఆకాశంలో సగం జూలే, కానీ గాలి ఉంది కాబట్టి పారాచూట్లు కాపాడేస్తాయి, నేల దొరికే చోట దిగడమొక్కటే తలనొప్పి. టైలో దగ్గర ఆ పప్పులేం ఉడకవు. సైజు కెర్బిన్ అంత, గ్రావిటీ 0.8 జీ (1 జీ అంటే భూమి మీదున్నంత), గాలి మాత్రం చుక్క లేదు. లో-ఆర్బిట్ నుంచి దిగడానికే సెకనుకి 2,270 మీటర్లు, మళ్లీ ఎక్కడానికి ఇంకో అంత. ల్యాండర్‌లో ప్రతి బోల్టు బరువు గురించి ఆలోచించేలా చేసింది నాకు ఇదొక్కటే. తమాషా ఏంటంటే దిగడానికి ఇంత ఏడిపించే టైలోనే జూల్‌కి వచ్చేటప్పుడు మాత్రం ఫ్రీగా బ్రేక్ వేసి పెడుతుంది, దాని ముందు నుంచి సరిగ్గా దూరితే చాలు, ఇంజిన్ ముట్టుకోకుండానే జూల్ కక్ష్యలో పడతారు. ఇది గేమ్ ట్రిక్కేం కాదు, 1995 డిసెంబర్‌లో గెలీలియో నౌక బృహస్పతి దగ్గరికి చేరినప్పుడు దాని ఉపగ్రహం అయో పక్కనుంచి పోయి ఇలాగే వేగం తగ్గించుకుంది, మిగతాది ఇంజిన్‌తో కానిచ్చింది.

నాకు నచ్చనిది కూడా ఇక్కడే ఉంది. లేథ్, వాల్, టైలో 1:2:4 లెక్కలో తిరుగుతాయి (టైలో ఒక చుట్టు తిరిగేలోపు వాల్ రెండు, లేథ్ నాలుగు), అచ్చం బృహస్పతి ఉపగ్రహాలు అయో, యూరోపా, గానిమీడ్ లాగే. చూడ్డానికి బానే ఉంటుంది గానీ అదంతా అలంకారమే, ఎందుకంటే గేమ్‌లో ఇవన్నీ పట్టాల మీద తిరుగుతాయి, ఒకదాన్ని ఒకటి లాగవు, మీ నౌకని కూడా ఒకసారికి ఒక్కటే లాగుతుంది. లగ్రాంజ్ పాయింట్లు (రెండింటి లాగుడు సర్దుకుని నౌక నిలబడగలిగే చోట్లు) అసలు లేవు. మన్ చుట్టూ ఎంత కిందుగా శాటిలైట్ వదిలినా వందేళ్లకీ అక్కడే ఉంటుంది, అసలు చంద్రుడి దగ్గరైతే 1972లో అపోలో 16 వదిలిన చిన్న శాటిలైట్ ఎగుడుదిగుడు గురుత్వం వల్ల 35 రోజులకే కూలిపోయింది. ఇలాంటి నిజమైన గురుత్వం కావాలంటే ప్రిన్సిపియా అనే మోడ్ (గేమ్‌కి విడిగా తగిలించుకునే మార్పు) వేసుకోండి, కాకపోతే నిజం ఫిజిక్స్ పెట్టేసరికి జూల్ కుటుంబం నిలబడదు, అందుకే మోడ్ చేసినవాళ్లే ఆ కక్ష్యల్ని సర్దాల్సి వచ్చింది. ఇంకోటి, దిగాక చేసే పని తక్కువ, జెండా పాతడం, సైన్స్ బటన్లు నొక్కడం, నాలుగో ఉపగ్రహానికి బోర్ కొట్టేస్తుంది. బాప్ మీద ఒకటి, మన్ మీద కొన్ని చూడాల్సినవి ఉన్నాయి, ఏంటో చెప్పను.

జూల్ ఐదు ఉపగ్రహాల మీదా ఒకే ట్రిప్‌లో దిగాలనుకునేవాళ్లకి ఒక సలహా. ముందు పోల్ మీద, నేలని తవ్వి ఫ్యూయెల్ చేసే డ్రిల్, కన్వర్టర్ దింపండి. గ్రావిటీ 0.04 జీ కూడా లేదు, నిండు ట్యాంకులతో లేవడానికి చిన్న ఇంజిన్ చాలు, నేల మాత్రం ముళ్లముళ్లుగా ఉంటుంది, ల్యాండర్ కాళ్లు వెడల్పుగా పెట్టుకోండి. అక్కడ ట్యాంకులు నింపుకున్నాకే టైలో వైపు చూడండి.